మేనమామ తెచ్చిన డ్రెస్సు

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు కట్టిన పెద్ద ఫ్లెక్సీ ఇప్పుడు మా మేడ మీద ఉంది. దాని మీద నేను ఎండుమిరపకాయలు ఆరబోస్తున్నాను. అందులో మా తమ్ముడు నిలువెత్తున ఉంటాడు, తెల్లచొక్కా వేసుకుని, చేతులు జోడించి. వాడి నెత్తి మీద వాడి పార్టీ నాయకులు వరుసగా ఉంటారు. ఫంక్షన్ ఎవరిదో ఆ పిల్ల ఒక మూలన చిన్న గుండ్రంలో ఉంటుంది. నేను ఎక్కడా లేను. అడుగున బంగారు రంగు అక్షరాలతో ‘మేనకోడలికి మేనమామ కానుక’ అని ఉంటుంది. మిరపకాయలు పోసేటప్పుడు వాడి మొహం మీద కాస్త ఎక్కువే పోస్తాను. మా ఆయన చూసి నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు.

ఆ కానుక ఎవరు కుట్టారో ఫ్లెక్సీ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

మాది నరసరావుపేట. ముందు గదిలో కిటికీ పక్కన నా కుట్టుమిషన్ ఉంటుంది. బోర్డు పెట్టిన దాన్ని కాదు గానీ, మా ఇంట్లో బట్టలూ మా సందులో వాళ్ళ జాకెట్లూ నేనే కుడతాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఫంక్షన్ చేద్దామనుకున్నాం. అప్పుడే ఒక సినిమా చూసి వచ్చింది. అందులో యువరాణి కోట మెట్లు దిగి వస్తుంది. మీగడ రంగు డ్రెస్సు, నేల ఊడ్చే కుచ్చులు, మణికట్టు దాకా చేతులు, భుజాల నుంచి వెనక్కి జీరాడే పల్చటి ముసుగు, ఒళ్ళంతా తామరపూల పని. ఆ ముక్కను ఫోన్లో ఆపి, వేళ్ళతో పెద్దది చేసి నా మొహం ముందు పెట్టింది.

“అమ్మా, నా ఫంక్షన్‌కు ఇదే కావాల.”

ఊళ్ళో షాపులన్నీ తిరిగాం. ఆ సినిమా పేరు చెప్పి ఏవేవో చూపించారు. జిగురుతో అంటించిన రాళ్ళు చేత్తో తడిమితే రాలిపోతున్నాయి. పిల్ల మొహం వేలాడేసింది. ఇంటికొచ్చాక నేను కుడతానన్నాను.

“నువ్వా?” అంది.

ఆ ఒక్క ముక్కకే నాకు ఒళ్ళు మండింది. పుట్టినప్పటి నుంచీ అది వేసుకున్న గౌన్లన్నీ ఎవరు కుట్టారనుకుందో. తెర మీద కనపడేది వేరే లోకంలో తయారవుతుందనీ, అమ్మ చేతికి జాకెట్లూ దిండుగలీబులే వస్తాయనీ దాని లెక్క. ఆ లెక్క మార్చాలనుకున్నాను.

మా సందు చివర మేమంతా ఆపా అని పిలిచే ఆవిడ ఉంది. ఆవిడ ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. నులకమంచంలా నాలుగు కర్రలుండే చట్రం, దాని మీద బట్టను బిగించి కట్టి, కొక్కెం సూదితో పూసలూ జరీ ఎక్కించే పని. జాకెట్లకు నేనూ కొద్దిగా చేసినదాన్నే గానీ ఇంత పెద్ద పని ఎప్పుడూ పట్టలేదు. ఆపా తన పాత చట్రం ఇచ్చి, “డిజైన్ నేను చూస్తా, కుట్టేది నువ్వే. నీ బిడ్డది నువ్వే చెయ్యాల,” అంది. చట్రం ముందు గదిలో పరిస్తే ఇంక మనుషులు నడవడానికి దారి లేదు. మా ఆయన్ను చూడటానికి వచ్చేవాళ్ళు గోడకు ఆనుకుని పక్కకు నడిచేవాళ్ళు.

అసలు కోపం ఆ సినిమా తీసిన కెమెరా మనిషి మీద వచ్చింది. డ్రెస్సు నిండుగా కనపడబోతుందనగా హీరో మొహం చూపిస్తాడు. కుచ్చులు తిరుగుతాయనగా గుర్రాన్ని చూపిస్తాడు. వీపు వైపు ఏముందో సినిమా మొత్తంలో చూపించనే లేదు. అంత పని చేసిన వాళ్ళెవరో, వాళ్ళ కష్టం అంతా రెప్ప వేసేలోగా అయిపోయింది. ఆ ముక్కను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశామో. చివరికి వీపు మీద నా ఇష్టమొచ్చినట్టు తీగలు అల్లాను. సినిమాలో దానికన్నా అదే బాగుందని నా నమ్మకం.

కాగితం మీద తామరపూలు గీసి, గీత పొడుగునా సూదితో చిల్లులు పొడిచి, బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన నీలం పొడి రుద్దితే బొమ్మ దిగుతుంది. ఇల్లంతా కిరసనాయిలు కంపు. అన్నంలో కూడా అదే వాసన వస్తోందని మా ఆయన గొణిగేవాడు. పైచేత్తో సూది పొడిచి, చట్రం కింద ఎడంచేత్తో దారం అందించాలి. చెయ్యి చెయ్యిని చూడదు. అలవాటయ్యే దాకా సూది వేలికే దిగేది. మీగడ రంగు బట్ట మీద రక్తం చుక్క పడుతుందేమోనని వేలికి ప్లాస్టర్ చుట్టుకుని కుట్టాను. పప్పు పొయ్యి మీద పెట్టి కుట్టాను. మెడ పట్టేస్తే గోడకు ఆనుకుని మళ్ళీ వంగాను. మొదట్లో “నువ్వా?” అన్న పిల్ల బడి నుంచి రాగానే చేతులు కడుక్కుని వచ్చి చట్రం పక్కన కూర్చునేది. పూసలు రంగులవారీగా ఏరి గిన్నెల్లో వేసేది. ఛాతీ మీద పెద్ద తామర పూర్తయిన రోజు దాని మీద అరచెయ్యి ఆనించి, “ఇది నిజంగా మన ఇంట్లోనే చేశామంటే ఎవరూ నమ్మరమ్మా,” అంది. నాకు కావాల్సింది కూడా అదే. పిలిచిన నలుగురిలో ఒక్కసారి మైకులో “ఈ డ్రెస్సు వాళ్ళమ్మ కుట్టింది” అని వినపడాలి. అంతకుమించి ఏమీ కోరుకోలేదు.

అప్పుడు మా తమ్ముడు ఫోన్ చేశాడు.

మా వైపు ఓణీల ఫంక్షన్‌లో పిల్ల స్టేజీ మీద వేసుకునే బట్టలు మేనమామ ఇంటి నుంచి రావాలి. బాజాలతో, పళ్ళాలతో వచ్చి మేనమామ ఇస్తే, పిల్ల లోపలికి వెళ్ళి అవి కట్టుకుని రావాలి. ఇది మార్చే పని కాదు. మా తమ్ముడు బెల్లంకొండలో ఉంటాడు. పొలం కౌలుకిచ్చి రాజకీయం చేస్తుంటాడు. చావుకీ పెళ్ళికీ అందరికన్నా ముందుంటాడు. షాపుకు వెళ్ళి మేనకోడలికి ఒక బట్ట తియ్యడానికి మాత్రం తీరికుండదు.

“అక్కా, నాకు చానా పనులున్నయ్. నువ్వు ఎట్టాగూ కుడతన్నావంటగా, అదే ఇటు పంపు. పళ్ళెంలో పెట్టి నేను తెస్తా.”

“ఒరేయ్, నేను కుట్టింది నువ్వు తెచ్చేదేందిరా?”

“మేనమామ బట్ట మేనమామే తేవాలిగా. నువ్వే కుట్టావని మైకులో చెప్పిస్తాలే. నీ పేరు నేనేం తినేస్తానా?”

నేను వద్దందామనుకున్నాను. కానీ అత్తింటి వాళ్ళందరి ముందు నా తమ్ముడు వట్టి చేతులతో వస్తే మాట పడేది నేనే. ఆడదానికి పుట్టింటి పరువు ఇట్లా మెడకు చుట్టుకుని ఉంటుంది. వాళ్ళు పోగొట్టుకుంటారు, మనం కాపాడుతుండాలి. ఉతికిన తెల్లచీరలో డ్రెస్సు చుట్టి పెట్టెలో పెట్టి ఇచ్చాను. మా ఆయన కారులో తీసుకెళ్ళి బెల్లంకొండలో దింపి వచ్చాడు. ఇంట్లోంచి ఆ పెట్టె వెళ్ళిపోతుంటే నేను ఖాళీ చట్రం విప్పుతూ కూర్చున్నాను. పిల్ల అయితే గేటు దాకా వెళ్ళి నిలబడింది. తన డ్రెస్సు తన ఇంటికి రావడానికి ఊరు చుట్టి రావాలా అని అడిగింది.

ఫంక్షన్ రోజు హాలు గేటు దగ్గర ఆ ఫ్లెక్సీ చూశాను. అప్పుడే అనుమానం వచ్చింది. సరే, మైకులో చెప్పిస్తానన్నాడుగా అని సర్దుకున్నాను. బాజాలు మోగాయి. మా తమ్ముడు ముందు, వెనక వాడి మనుషులు, వాళ్ళ వెనక పళ్ళాలు పట్టుకున్న ఆడవాళ్ళు. మధ్యలో వాడి భార్య, అంటే మా మరదలు, చేతిలో అద్దాల పళ్ళెం, దాంట్లో నా డ్రెస్సు. వీడియో లైట్లు దాని మీద పడ్డాయి. నా తామరపూలు తళతళా మెరిశాయి. ఆ క్షణాన నాకు కోపం కూడా గుర్తు లేదు. చూడముచ్చటగా ఉంది, అంతే.

మైకు పట్టుకున్నవాడు అందుకున్నాడు. “మేనకోడలి మీద ప్రేమతో మేనమామగారు హైదరాబాద్‌లో పెద్ద డిజైనర్ల చేత ప్రత్యేకంగా చేయించిన రాజకుమారి డ్రెస్సు! గట్టిగా చప్పట్లు!”

చప్పట్లు మోగాయి. మా తమ్ముడు చెయ్యెత్తి అందరికీ దండం పెట్టాడు. నేను వాడి మొహం వంక చూశాను. వాడు నా వంక చూడలేదు. పక్కన మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నాకు చెవుల్లోంచి ఆవిరి వస్తున్నట్టుంది. అయినా పిల్ల ఫంక్షన్ అని పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను.

పిల్లా, ఆపా, మా మరదలూ నాతో పాటు లోపల గదిలోకి వచ్చారు. డ్రెస్సు మడత విప్పి లైటు కిందికి లాగాను.

కొత్తబట్టకు పసుపు పెట్టనిదే కట్టుకోం. అది తెలియని ఇల్లు మా వైపు లేదు. ఎవరైనా ఏం చేస్తారు? అంచు లోపలి వైపు, కనపడని మూలన, వేలి కొసతో చుక్కంత పెడతారు. మా మరదలు మాత్రం డ్రెస్సు ఛాతీ మీద, పెద్ద తామరకు సరిగ్గా పక్కన ఖాళీ జాగాలో, తడిపసుపు బొటనవేలితో బారుగా రాసి మధ్యలో కుంకుమ పెట్టింది.

“ఏమ్మా, ఇదేంది?” అన్నాను.

“పసుపు పెట్టకుండా ఎట్టా ఇస్తాం వదినా? మూలన పెడితే వీడియోలో కనపడదన్నారు. మేనమామ వాళ్ళు పద్ధతిగా పెట్టారని తెలియాలిగా.”

నేను ఆ మరక వంకే చూస్తున్నాను. ఎండిపోయింది కాబట్టి పైపైన దులిపి, మిగిలిన పచ్చదనం కనపడకుండా నాలుగు పూసలు కుడితే సరిపోయేది. అదే ఆలోచిస్తున్నాను. నేను ఇంకా మాట్లాడేలోగా ఆవిడ కంగారుపడి డ్రెస్సు లాక్కుని వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తింది. చేతులు కడుక్కునే సబ్బునీళ్ళు పిండి రుద్దేసింది. వద్దు వద్దని నేను అరిచేసరికే అయిపోయింది. పచ్చమరక కాస్తా ఎర్రమరక అయి అరచెయ్యంత పాకింది.

పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయి. సబ్బు తగిలినా అంతే. హారతిచ్చే ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతి ఇది. ఆరోజు పొద్దున మా అమ్మాయికి దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలిపింది కూడా ఆవిడే. అదే చేత్తో నా మీగడ రంగు పట్టు మీద ఎర్రనీళ్ళు తయారుచేసి, గుమ్మం దగ్గర కూలబడి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపుకు హాల్లో ఆడవాళ్ళంతా గది ముందు చేరారు. ఏమైంది, ఏమైంది అని ఒకటే గోల. వాళ్ళ వెనకే మా తమ్ముడు వచ్చాడు.

మరక చూశాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. అప్పుడు ఆ గొంతుతోనే, మీటింగుల్లో మాట్లాడే ఆ గొంతుతోనే అన్నాడు.

“ఇందులో మా తప్పేం లేదమ్మా. ఈ డ్రెస్సు కుట్టింది మా అక్కే. ఏం గుడ్డ తెచ్చిందో ఏందో, రంగు దిగింది.”

అంతమందిలో, అందరికీ వినపడేట్టు, ఆ డ్రెస్సు నేను కుట్టానని మొదటిసారి చెప్పింది అప్పుడే. బాగున్నంతసేపూ అది హైదరాబాద్. మరక పడగానే అది నేను. ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాటే. కానీ అది నా మొహాన కొట్టడానికి వాడాడు.

“ఒరేయ్, ఇందాక మైకులో హైదరాబాద్ వాళ్ళు చేశారనిపించావే. వాళ్ళనే పిలిపించు, మరక తీస్తారు,” అన్నాను.

“అక్కా, నలుగురిలో గొడవెందుకు? ముందు పాపను రెడీ చెయ్, ముహూర్తం దాటిద్ది.”

నలుగురిలో గొడవెందుకంట! నలుగురిలో నన్ను అన్నది గొడవ కాదు, నేను తిరిగి అడిగితే గొడవ. వాణ్ణీ మరదల్నీ గుమ్మం అవతలికి నెట్టి తలుపు వేశాను. లోపల నేనూ, పిల్లా, ఆపా మిగిలాం. మా అమ్మాయి లోపలి లంగా మీద తువ్వాలు కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్నే చూస్తోంది.

నేను ఆరోజు తొడుక్కున్నది ఎర్ర జాకెట్టు. పిల్ల డ్రెస్సులో మిగిలిన పూసలతో, జరీతో రెండు చేతుల మీదా అరచెయ్యంత తామరపూలు నేనే వేసుకున్నాను. అమ్మా కూతుళ్ళకు జోడీగా ఉండాలని ముచ్చటపడి చేసుకున్న పని అది. చేతిసంచిలో సూదీ దారం, కత్తెరా ఉన్నాయి. కుట్టిన మనిషిని, అవి లేకుండా ఎట్లా వెళ్తాను? ఎడంచేతి మీద పువ్వు చుట్టూ కత్తెర పెట్టాను.

“అమ్మా, నీ జాకెట్టు!” అంది పిల్ల.

“నోర్మూసుకుని కూర్చో,” అన్నాను. దాని మీద కోపం కాదు. ఇంకో మాట మాట్లాడితే నాకు ఏడుపొచ్చేట్టుంది.

ఆపా కత్తెర నా చేతిలోంచి తీసుకుని, అంచు పూసలు ఊడకుండా జాగ్రత్తగా పువ్వును కోసింది. బట్ట తను లాగి పట్టుకుంది. అంచులు లోపలికి మడుచుకుంటూ, సన్నటి కుట్లతో ఆ పువ్వును మరక మీద కుట్టాను. బయట తలుపు బాదుతూనే ఉన్నారు. బాదనీ అని ఆపా అంది. ఆవిడకూ ఒళ్ళు మండుతోందని ఆ గొంతులో తెలిసింది.

మీగడ రంగు డ్రెస్సు మీద, బంగారు తామరల పక్కన ఒకే ఒక్క ఎర్ర తామర. పిల్లకు తొడిగి దూరంగా నిలబడి చూశాను. కోపంలో కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది, సినిమాలో యువరాణికి లేని అందం వచ్చింది.

పిల్ల స్టేజీ మీదికి నడిచింది. ముసుగు వెనక జీరాడుతుంటే హాలంతా లేచి చూసింది. చెయ్యి దగ్గర చిల్లు కనపడకుండా నేను చెంగు భుజం చుట్టూ కప్పుకుని ఒక పక్కన నిలబడ్డాను. మైకువాడు మళ్ళీ మొదలెట్టాడు, మళ్ళీ అదే మేనమామ, మళ్ళీ అదే హైదరాబాద్. మరక పోయింది కదా, డ్రెస్సు మళ్ళీ వాడిదైపోయింది. అక్షింతలు వేసేవాళ్ళు ఒక్కొక్కరే వంగి పువ్వులు తడిమి చూస్తుంటే, మా అమ్మాయి ఒక్కొక్కరికీ “మా అమ్మ కుట్టింది” అని చెప్తూనే ఉంది. పెదవుల కదలిక నాకు తెలుస్తోంది. కానీ మైకు దాని చేతిలో లేదు. డీజే మోతలో ఆ మాట స్టేజీ దిగలేదు.

కింద ఎవరో మా మరదల్ని ఆ ఎర్రపువ్వు గురించి అడిగారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, పౌడర్ రాసుకుని అప్పటికే ముందు వరుసలో కూర్చుంది.

“అదా అత్తా, దిష్టి తగలకుండా ఒక్కటి ఎరుపు ఉండాలని మేమే చెప్పి పెట్టించాం,” అంది.

నేను రెండు కుర్చీల అవతల ఉన్నాను. ఆ మాట నేను విన్నానని ఆవిడకు తెలుసు. చెంగు లాగేసి, ఆ చిల్లు చూపించి, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూడండని అరవాలనిపించింది. స్టేజీ మీద పిల్ల నవ్వుతూ ఫొటోలకు నిలబడి ఉంది. ఆ నవ్వు చెడగొట్టలేక ఊరుకున్నాను. మా తమ్ముడు పిల్ల పక్కన నిలబడ్డప్పుడు మాత్రం అక్షింతలు గుప్పెడు తీసుకుని వాడి మొహం మీదికి గట్టిగానే విసిరాను. దీవెన అనుకుని తల వంచాడు.

ఆ తర్వాత వాడితో సరిగ్గా మాట్లాడలేదు. వాడికి అది తెలిసినట్టు కూడా లేదు. ఫొటోల్లో నేను అన్నిట్లోనూ చలేసిన మనిషిలా చెంగు కప్పుకునే ఉన్నాను. ఆ జాకెట్టు బాగుచేయమని ఆపా అంటుంది. చెయ్యను. చిల్లుతో అట్లాగే బీరువాలో పెట్టాను.

మొన్న మిరపకాయలు తిరగేస్తుంటే మా తమ్ముడు ఫోన్ చేశాడు. మా అమ్మాయి పక్కనే ఉంది, స్పీకర్ పెట్టింది.

“అక్కా, మా పాపకు కూడా ఫంక్షన్ పెట్టుకుంటన్నాం. అచ్చం ఆ డ్రెస్సే కావాలంటంది. ఆ ఎర్రపువ్వు కూడా ఉండాలంట. నువ్వు కుట్టి పంపితే వాళ్ళ మేనమామ వాళ్ళు తెచ్చినట్టు పళ్ళెంలో పెడతారు.”

ఇంకా అదే మాట! వాడి బావమరిదికి కూడా షాపుకు వెళ్ళే తీరిక లేదు కాబోలు. ఆ పిల్లకు నేను మేనత్తను. అదంటే నాకూ ప్రాణమే. నాకు కుట్టాలనే ఉంది.

“కుడతాన్రా. ఫ్లెక్సీ మీద మేనత్త కానుక అని వేయించు. మైకులో మేనత్త కుట్టిందని చెప్పించు. పళ్ళెం నేనే పట్టుకొస్తా.”

అటువైపు ఏదో గుసగుస. తర్వాత వెనక నుంచి మా మరదలి గొంతు వినపడింది.

“అట్టా ఎట్టా కుదిరిద్ది వదినా? వాళ్ళ మామ ఊరుకుంటాడా?”

“అయితే ఆ మామనే కుట్టమను,” అన్నాను.

నేనేం చెప్పకుండానే మా అమ్మాయి ఫోన్ పెట్టేసింది.